పర్స్యూడ్ (1947): చీకటి కమ్మిన కౌబాయ్ సినిమాపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత హాలీవుడ్ సినిమాల మీద ఇష్టం పుట్టినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ సినిమా దగ్గరికి వస్తారు. చూశాక అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కొన్ని జవాబుల్లో కథ మొత్తం బయటపడుతుంది, అలాంటి చోట ముందే చెప్పాను.

ఇంతకీ ఇది ఏ సినిమా?

1947 మార్చిలో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన నలుపు తెలుపు వెస్టర్న్. దర్శకుడు రావుల్ వాల్ష్, రచయిత నివెన్ బుష్, కెమెరా జేమ్స్ వాంగ్ హౌ, సంగీతం మాక్స్ స్టెయినర్. రాబర్ట్ మిచమ్, టెరెసా రైట్, జుడిత్ ఆండర్సన్, డీన్ జాగర్ ముఖ్య పాత్రల్లో ఉన్నారు. నిడివి గంటా నలభై నిమిషాలు. నిర్మాత మిల్టన్ స్పెర్లింగ్, వార్నర్ సోదరుల్లో పెద్దవాడైన హారీ వార్నర్‌కి అల్లుడు.

కథ ఏమిటి? ముగింపు చెప్పకండి.

పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజులు, న్యూ మెక్సికో. కాలిపోయి కూలిపోయిన ఒక ఇంట్లో జెబ్ రాండ్ (మిచమ్) దాక్కుని ఉంటాడు. అతణ్ని చంపడానికి మనుషులు వస్తున్నారు. అతనితో కలిసి పెరిగిన థోర్ అనే అమ్మాయి (టెరెసా రైట్) గుర్రం మీద అక్కడికి చేరుకుంటుంది. వాళ్లొచ్చేలోగా తన జీవితం ఎలా ఇక్కడిదాకా వచ్చిందో జెబ్ చెప్పడం మొదలుపెడతాడు. సినిమాలో చాలా భాగం ఆ ఫ్లాష్‌బ్యాకే.

చిన్నప్పుడు జెబ్ కుటుంబాన్ని మొత్తం ఎవరో చంపేశారు. నేలకింద అరలో దాక్కుని అతనొక్కడే బతికాడు. మెడోరా కాలమ్ అనే వితంతువు అతణ్ని తీసుకెళ్లి తన పిల్లలు ఆడమ్, థోర్‌లతో కలిపి పెంచింది. ఆ రాత్రి గురించి జెబ్‌కి గుర్తున్నది ఒక్కటే: చీకట్లో అటూ ఇటూ కదిలిన బూట్లు, వాటి మడమలకున్న స్పర్స్ (గుర్రాన్ని అదిలించే ఇనుప ముళ్లు) తళుక్కుమనడం. ఎవరు, ఎందుకు అని అడిగితే మెడోరా చెప్పదు. ఈలోగా అతని మీద ఎక్కడినుంచో తూటాలు వస్తూనే ఉంటాయి.

వెస్టర్న్ అంటే ఎండ, దుమ్ము, విశాలమైన మైదానం కదా. ఇందులో నోయర్ ఎక్కడుంది?

ముందు నోయర్ సంగతి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌కి ఒక్కసారిగా వచ్చిపడిన అమెరికన్ క్రైమ్ సినిమాల గుంపుకి 1946లో ఫ్రెంచ్ విమర్శకుడు నీనో ఫ్రాంక్ ఆ పేరు పెట్టాడు. సాధారణంగా వాటిలో నగరం ఉంటుంది, రాత్రి ఉంటుంది, తన గతం నుంచి తప్పించుకోలేని మగవాడు ఉంటాడు, నమ్మాలో లేదో తెలియని ఆడమనిషి ఉంటుంది. కథానాయకుడే తన కథని గతంలోంచి మనకి చెబుతుంటాడు.

పర్స్యూడ్‌లో నగరం తప్ప మిగతావన్నీ ఉన్నాయి. కథ మొదలయ్యేసరికే జెబ్ ఉచ్చులో ఉన్నాడు, వెనక వినపడే గొంతు అతనిదే. పెళ్లికూతురైన థోర్ మనసులో ఏముందో మనకి తెలుసు, అయినా కంగారుగా చూస్తాం. అన్నిటికన్నా ముఖ్యం, హీరోకి తన శత్రువు ఎవరో తెలియదు. మామూలు వెస్టర్న్‌లో పగ ఎదురెదురుగా నిలబడుతుంది, ఇద్దరూ వీధి మధ్యలో తేల్చుకుంటారు. ఇక్కడ పగ వెనకనుంచి వస్తుంది. తాను పుట్టకముందో, పసివాడిగా ఉన్నప్పుడో జరిగినదానికి ఇప్పుడు జెబ్ బాకీ తీర్చాలి. ఆ అప్పు ఏమిటో ఎవరూ చెప్పరు.

అందుకే కౌబాయ్ టోపీలు కనిపిస్తున్నా మనకి కలిగే టెన్షన్ మాత్రం నోయర్‌దే.

జేమ్స్ వాంగ్ హౌ కెమెరా గురించి అందరూ ఎందుకంత గొప్పగా చెబుతారు?

విశాలమైన చోటుని ఇరుకుగా చూపించాడు కాబట్టి. న్యూ మెక్సికోలో గాలప్ పట్టణం దగ్గర ఎర్రరాతి కొండల మధ్య బయటి సన్నివేశాలు తీశారు. ఇంకొకరైతే అక్కడి ఆకాశాన్ని, దూరాన్ని చూపించి మనల్ని మురిపించేవాళ్లు. హౌ కొండ గోడని ఫ్రేమ్ నిండా నింపి, దాని అడుగున గుర్రాన్నీ మనిషినీ చీమంత చేస్తాడు. పారిపోవడానికి బోలెడంత చోటు కనిపిస్తున్నా, ఎక్కడికి పోయినా పైనుంచి ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది.

ఇంటి లోపల ఇంకో పద్ధతి. దీపం వెలుగు మనిషి ముఖంలో సగాన్నే తాకుతుంది, మిగతా గది నలుపు. ఆ నలుపులోకి చూస్తుంటే ఇంట్లోనే ఎవరో ఉన్నారేమో అనిపిస్తుంది. ఒక రకంగా ఉన్నారు కూడా.

హౌ గురించి ఇంకొంచెం చెప్పాలి. 1899లో చైనాలో పుట్టాడు, ఐదేళ్ల వయసులో అమెరికా వచ్చాడు. పదిసార్లు ఆస్కార్‌కి నామినేట్ అయ్యి రెండుసార్లు గెలిచాడు, 1955 నాటి ద రోజ్ టాటూకి, 1963 నాటి హడ్‌కి. రచయిత్రి సనోరా బాబ్‌ని 1937లో పారిస్‌లో పెళ్లి చేసుకున్నాడు. కానీ ఆమె తెల్లజాతి స్త్రీ కావడంతో కాలిఫోర్నియా చట్టం ఆ పెళ్లిని ఒప్పుకోలేదు. జాత్యంతర వివాహాలపై ఉన్న నిషేధాన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది 1948లో. అంటే ఈ సినిమా తీస్తున్న నాటికి అతని కాపురానికి తన రాష్ట్రంలోనే గుర్తింపు లేదు. ఇంట్లో ఉంటూనే బయటివాడైన జెబ్‌ని హౌ అలా ఎందుకు చిత్రించాడో దీన్నిబట్టి తేల్చేయడం అతి అవుతుంది. కానీ ఇది తెలిశాక ఆ సన్నివేశాలని ముందులా చూడలేకపోతున్నాను.

మిచమ్ మొహంలో ఏ భావమూ లేదు. అతను నటిస్తున్నాడా?

ఈ ప్రశ్న 1947లోనూ అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. బరువైన కనురెప్పలు, తొందరపడని నడక, ఏదీ తనకి పట్టనట్టు మాట. మిగతావాళ్లంతా ఆవేశంతో ఊగిపోయే కథలో మధ్యన ఇలాంటివాడు ఒకడు ఉండటమే సినిమాకి బలం. చిన్నప్పటినుంచీ దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియకుండా పెరిగినవాడు మొహం మీద ఏదీ కనపడనివ్వడు కదా.

1945లో ద స్టోరీ ఆఫ్ జి.ఐ. జోకి సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చినా మిచమ్ అప్పటికింకా పెద్ద స్టార్ కాదు. ఇక్కడ టైటిల్స్‌లో మొదటి పేరు టెరెసా రైట్‌ది. అదే 1947లో అతనికి అవుట్ ఆఫ్ ద పాస్ట్, క్రాస్‌ఫైర్ కూడా వచ్చాయి. ఒక్క ఏడాదిలో ఈ మూడూ చూసినవాళ్లకి మిచమ్ అంటే నోయరే.

ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లలా పెరిగినవాళ్లు ప్రేమించుకోవడం ఏమిటి? ఇబ్బందిగా ఉంది.

మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. ఇబ్బందిగా ఉండాలనే రచయిత ఉద్దేశం. రక్తసంబంధం లేదు, ఇంటిపేరూ వేరే, జెబ్ చివరిదాకా రాండ్‌గానే ఉంటాడు. అయినా ఆ ఇంటి గాలిలో ఏదో తేడా ఉందని సినిమాకి తెలుసు. ఆడమ్ అసూయ కూడా కేవలం ఆస్తి గురించేనా అన్న అనుమానం రాక మానదు. సెన్సార్ నిబంధనలు గట్టిగా ఉన్న రోజుల్లో ఇంతకన్నా ఎక్కువ చెప్పడానికి వీలుండేది కాదు. చెప్పకుండా వదిలేసిందే ఎక్కువగా గుచ్చుకుంటుంది.

ఆడమ్, జెబ్ ప్రతిదానికీ నాణెం ఎగరేస్తారెందుకు?

1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఇంటినుంచి ఎవరో ఒకరు వెళ్లాలి. బొమ్మా బొరుసూ వేస్తారు, జెబ్ ఓడి యుద్ధానికి పోతాడు. గాయంతో, పతకంతో తిరిగొస్తాడు. తర్వాత రాంచ్ (పశువుల్ని పెంచే పొలం) ఎవరిదన్న గొడవలో మళ్లీ నాణెం, మళ్లీ ఓటమి. ఈసారి ఇల్లే పోతుంది. అదే మనిషి జూదశాలకి వెళితే మాత్రం గెలుస్తాడు! డబ్బు దగ్గర అదృష్టం ఉంది, కుటుంబం దగ్గర లేదు. విధి ఉందా లేదా అని పాత్రలు లెక్చర్లివ్వకుండా ఒక నాణెంతో సరిపెట్టిన రచన నాకు నచ్చింది.

మెడోరా నిజం ఎందుకు చెప్పదు? (ఇక్కడినుంచి కథంతా బయటపడుతుంది)

సినిమాకి గుండెకాయ ఈ ప్రశ్నే. చాలామంది దీన్ని కథలో లోపంగా తీసుకుంటారు: "ఆ ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది కదా?"

అయిపోయేదే. కానీ ఏమని చెప్పాలి? జెబ్ తండ్రితో మెడోరాకి సంబంధం ఉండేది. దాని కారణంగానే ఆమె మరిది గ్రాంట్ కాలమ్ మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి రాండ్ కుటుంబాన్ని తుడిచిపెట్టాడు. జెబ్‌కి నిజం చెప్పడమంటే తన పిల్లల ముందు, ఊరి ముందు తన గతాన్ని విప్పడం. పైగా ఆమె జెబ్‌ని పెంచింది జాలితోనా, ప్రేమతోనా, పాపభయంతోనా? బహుశా మూడూ కలిసి. పసివాడు గతం అడిగినప్పుడల్లా వెనక్కి చూడొద్దు, ముందుకి చూడు అన్న ధోరణిలో నోరు మూయిస్తుంది. వినడానికి మంచి సలహాలాగే ఉంటుంది. దాని ఫలితం ఎంతమంది మీద పడిందో చూడండి. జెబ్ గుర్రప్పిల్లని ఎవరో కాల్చి చంపితే ఆ పిల్లాడు ఆడమ్‌ని అనుమానిస్తాడు. అది గ్రాంట్ పనేనని మెడోరాకి తెలుసు. గ్రాంట్ దగ్గరికి వెళ్లి నిలదీస్తుంది కూడా, కానీ ఇంటికొచ్చి పిల్లలకి మాత్రం చెప్పదు. ఆ రోజు మొదలైన అన్నదమ్ముల అపనమ్మకం ఏళ్ల తర్వాత ఆడమ్ చావుతో ముగుస్తుంది. కొండల మధ్య పొంచి ఉండి ఆడమ్ కాలుస్తాడు. ఎదుటివాడు ఎవరో తెలియకుండానే జెబ్ తిరిగి కాలుస్తాడు.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పదు సరికదా, చేతులారా పెంచినవాణ్ని వెలివేస్తుంది. సినిమాలో విలన్ గ్రాంటే, సందేహం లేదు. కానీ గ్రాంట్ ద్వేషానికి ఇన్నేళ్లపాటు చీకటినిచ్చి కాపాడింది మెడోరా మౌనం. అందుకే చివర్లో జెబ్ మెడకి ఉరి బిగించబోతున్న గ్రాంట్‌ని కాల్చేది ఆమే కావాలి. హీరో కాల్చి ఉంటే ఇది మామూలు కౌబాయ్ సినిమాగా మిగిలేది.

జుడిత్ ఆండర్సన్ ఈ పాత్రని దాదాపు కదలకుండా చేసింది. ఇదే ఏడాది అక్టోబరులో బ్రాడ్‌వే రంగస్థలం మీద గ్రీకు నాటకంలో కన్నపిల్లల్నే చంపే మెడియా వేషం వేసి, తర్వాతి ఏడాది టోనీ అవార్డు అందుకుంది. మెడోరా, మెడియా: పేర్లు కూడా పక్కింటి పేర్లలా ఉన్నాయి.

గ్రాంట్ తానే ఎందుకు చంపడు? అంత పగ ఉందిగా.

అతనికి ఒక చెయ్యి లేదు, ఆ కాల్పుల రాత్రే పోయింది. కానీ అసలు కారణం అది కాదనుకుంటాను. చంపే పని పక్కవాడిచేత చేయించడంలో అతనికో తృప్తి ఉంది. ఆడమ్ మనసులో విషం నింపుతాడు. తర్వాత థోర్ మీద ఆశపెట్టుకున్న ప్రెంటిస్ అనే కొట్టు కుర్రాడు దొరుకుతాడు. డాన్స్ దగ్గర వాడి పౌరుషాన్ని రెచ్చగొట్టి జెబ్ మీదకి పంపిస్తాడు. ఆ కుర్రాడికి తుపాకీ పట్టుకోవడమే సరిగ్గా రాదు. వద్దని జెబ్ ఎంత తప్పించుకున్నా చివరికి వాణ్ని చంపక తప్పదు. సినిమా మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన చావు అదే. హ్యారీ కేరీ జూనియర్ వేశాడు ఆ పాత్ర, అప్పటికి నిజంగానే కుర్రాడు.

థోర్ జెబ్‌ని ఎందుకు పెళ్లాడుతుంది?

చంపడానికి. అన్నని చంపినవాణ్ని ప్రేమించినట్టు నటించి, పెళ్లి చేసుకుని, వాడు తనని పూర్తిగా నమ్మిన క్షణంలో కాల్చాలని తల్లితో చెబుతుంది. జెబ్ మళ్లీ ఆమెని పలకరించడానికి వస్తుంటాడు, ఆమె మర్యాదగా కూర్చోబెడుతుంది. ఆ సన్నివేశాలు పెళ్లిచూపుల్లా సాగుతాయి. ఎవరూ గొంతు పెంచరు. ఒళ్లు జలదరిస్తుంది.

ఇక మొదటి రాత్రి. ఆమె మనసులో ఏముందో జెబ్‌కి ముందునుంచే తెలుసు. తెలిసీ పెళ్లి చేసుకున్నాడు, తెలిసీ తుపాకీ ఆమె చేతికి అందనిస్తాడు. ఆమె కాలుస్తుంది, గురి తప్పుతుంది. అది చెయ్యి వణకడం వల్లా, మనసు ఒప్పకపోవడం వల్లా? టెరెసా రైట్ మొహంలో రెండూ కనిపిస్తాయి. హిచ్‌కాక్ షాడో ఆఫ్ ఎ డౌట్‌లో అమాయకమైన అమ్మాయిగా చూసినవాళ్లకి ఇక్కడ ఆమె పూర్తిగా కొత్త మనిషి. ఈ పాత్ర రాసిన నివెన్ బుష్ అప్పట్లో ఆమె భర్త. భార్య కోసం ఒక రచయిత ఇలాంటి మొదటి రాత్రి రాశాడంటే వాళ్లిద్దరికీ ధైర్యం ఎక్కువే.

స్పర్స్ మెరుపులు, మర్చిపోయిన జ్ఞాపకం, ఇదంతా ఫ్రాయిడ్ కదూ?

అవును, కొంచెం ఎక్కువే. 1940లలో హాలీవుడ్‌కి మనస్తత్వ శాస్త్రం పట్టుకుంది. 1945లో వచ్చిన స్పెల్‌బౌండ్‌లో డాక్టర్లే హీరోహీరోయిన్లు. చిన్ననాటి గాయం గుర్తొస్తే రోగం నయమవుతుందన్న సూత్రాన్ని బుష్ తీసుకెళ్లి గుర్రాల మధ్య పెట్టాడు. కాలిన ఇంట్లో నిలబడగానే జెబ్‌కి అంతా జ్ఞాపకం రావడం నాకు మరీ సులువుగా అనిపించింది, అన్నేళ్ల బరువు రెండు నిమిషాల్లో దిగిపోయినట్టు. కానీ ఆ జ్ఞాపకాన్ని చూపించిన తీరుకి మాత్రం పేరు పెట్టలేం. నేలకింద పడుకున్న పసివాడి కంటికి మనుషులు కనపడరు, కాళ్లే కనపడతాయి. భయాన్ని ఆ ఎత్తునుంచే చూపించారు.

ఇది నిజంగా జరిగిన కథా?

కాదు. ఒక కుటుంబ కక్షలో మిగిలిన పిల్లవాణ్ని, ఆ హత్యలు చేసిన కుటుంబమే పెంచిందన్న వార్తలోంచి ఆలోచన పుట్టిందని బుష్ చెప్పేవాడు. మిగతాదంతా కల్పన. పైన గ్రీకు విషాద నాటకాల నీడ ఉంది: ఒక ఇంటి పాత పాపం తర్వాతి తరం నెత్తిన పడటం. ఫ్యాక్షన్ కథలు తెలిసిన మనకి ఆ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

రావుల్ వాల్ష్ ఎవరు?

మూకీల కాలంనుంచీ ఉన్న పాతకాపు. 1915 నాటి ద బర్త్ ఆఫ్ ఎ నేషన్‌లో లింకన్‌ని చంపిన బూత్ వేషం వేశాడు. ఇన్ ఓల్డ్ అరిజోనా తీస్తుండగా కారు అద్దంలోంచి ఓ కుందేలు వచ్చి పడి కుడి కన్ను పోయింది, ఆ తర్వాత నల్ల గుడ్డ కట్టుకునే సినిమాలు తీశాడు. జాన్ వేన్‌కి మొదటి పెద్ద వేషం ఇచ్చింది ఇతనే, 1930లో, ద బిగ్ ట్రెయిల్‌తో. క్రైమ్ సినిమాలూ వెస్టర్న్‌లూ అతనికి వేర్వేరు కాదు. తన గ్యాంగ్‌స్టర్ సినిమా హై సియెర్రాని ఎనిమిదేళ్ల తర్వాత కొలరాడో టెరిటరీ పేరుతో తనే వెస్టర్న్‌గా మళ్లీ తీశాడు.

మన కౌబాయ్ సినిమాలకి దీనితో సంబంధం ఉందా?

నేరుగా లేదు. 1971లో కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన మోసగాళ్లకు మోసగాడు, దాని వెనక వచ్చినవీ, ఇటలీవాళ్లు తీసిన వెస్టర్న్‌ల దారిలో నడిచాయి. నిధి, పరుగు, ఎత్తుకి పైఎత్తు, రంగులు. పర్స్యూడ్‌లో ఆ హుషారు వెతికితే నిరాశే.

పిల్లలతో చూడొచ్చా?

రక్తం కనపడదు, బూతులు లేవు. కానీ చిన్నపిల్లలకి విసుగు. పదిహేను దాటినవాళ్లతో చూడండి.

నెట్‌లో దొరికిన కాపీలో ఏమీ కనపడలేదు, సగం సినిమా నలుపే.

కాపీ తప్పు. మసక ప్రింట్‌లో హౌ పనంతా మట్టిపాలవుతుంది. నీడల్లోనూ వివరం కనపడాలి, రాయికీ ఆకాశానికీ తేడా తెలియాలి. బ్లూరే దొరికితే అదే చూడండి, లేకపోతే మంచి ప్రింట్ దొరికేదాకా ఆగండి. లైట్లు ఆర్పి చూడండి. ఫోన్‌లో వద్దు.

ఇది నచ్చింది. తర్వాత ఏం చూడాలి?

వెంటనే బ్లడ్ ఆన్ ద మూన్ చూడండి. 1948, రాబర్ట్ వైజ్ దర్శకత్వం, మళ్లీ మిచమే. అవుట్ ఆఫ్ ద పాస్ట్‌కి పనిచేసిన నికొలస్ ముసురాకానే కెమెరా. కథ సాదా, కానీ బార్‌లో జరిగే కొట్లాట చూసి తీరాలి: అయిపోయేసరికి గెలిచినవాడు కూడా నిలబడలేడు. ఆ తర్వాత ఆంథొనీ మాన్ 1950లో తీసిన ద ఫ్యూరీస్. అది బుష్ నవలే. అందులోనూ జుడిత్ ఆండర్సన్ ఉంది, ఆమె మీదకి బార్బరా స్టాన్‌విక్ కత్తెర విసురుతుంది. వెరోనికా లేక్ నటించిన రామ్‌రాడ్ (1947) వీటి పక్కన కొంచెం నీరసంగా ఉంటుంది, తీరికుంటే చూడండి. కొలరాడో టెరిటరీ చూసేముందు మాత్రం హై సియెర్రా చూడండి, ఆ వరసలోనే బాగుంటాయి.